‘కూత్’ అన్న మాట ఉందా, లేదా?

ప్రశ్న: మేడమ్, మా బాబు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ఇంగ్లీషు యూనిట్ టెస్టులో ‘అన్‌కూత్’ అనే పదానికి వ్యతిరేకపదం రాయమన్నారు. మొరటు, మర్యాద తెలియని అని దాని అర్థం పుస్తకంలో ఉంది. వీడు ముందున్న ‘అన్’ తీసేసి ‘కూత్’ అని రాశాడు. టీచరు ఇంటూ పెట్టి పక్కన ‘అలాంటి మాట లేదు’ అని రాశారు. ‘హ్యాపీ ఉంది, అన్‌హ్యాపీ ఉంది. కైండ్ ఉంది, అన్‌కైండ్ ఉంది. మరి ఇదెందుకు లేదు?’ అని రెండు రోజులుగా నన్ను అడుగుతున్నాడు. పేపరు ఫోటో పంపుతున్నాను. నిజంగానే ఆ మాట లేదా?
– ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, మీరు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. పద్నాలుగో ప్రశ్న. నీలం జెల్ పెన్ను, గుండ్రటి అక్షరాలు. ముందు ఏదో రాసి కొట్టేసి, పక్కన ‘కూత్’ అని రాశాడు మీవాడు. సి, ఓ, యు, టి, హెచ్. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. దాని మీద ఎర్ర ఇంటూ. కొట్టేసిన మాట ఏమిటా అని కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. ‘పొలైట్’ అని ఉంది. అంటే మార్కు వచ్చే జవాబు వాడికి తెలుసు. తెలిసి కూడా, ‘అన్’ తీసేస్తే మిగిలేదే కదా అసలైన వ్యతిరేకపదం అనుకుని దాన్ని కొట్టేశాడు. ముందు వాణ్ణి దగ్గరికి తీసుకుని, నువ్వు ఆలోచించిన తీరు బాగుందని చెప్పండి.

ఆ మాట ఉంది. టీచరుగారిని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. పాఠ్యపుస్తకాల చివర ఇచ్చే పదాల పట్టికల్లో అది ఉండదు, పరీక్షలో రాస్తే మార్కులూ పడవు. కానీ లేదు అన్నది మాత్రం నిజం కాదు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ‘కూత్’ రోజూ వాడే విశేషణం. తెలిసిన, ఎరిగిన అని అర్థం. ముందు ‘అన్’ చేరిస్తే తెలియని, ఎరుగని. మొరటుతనం గాని, మర్యాద లేకపోవడం గాని అప్పుడు ఆ మాటలో లేవు.

‘బేవుల్ఫ్’ అని పాత ఇంగ్లీషు వీరగాథ ఒకటి ఉంది. దాని రాతప్రతి సుమారు 1000వ సంవత్సరం నాటిది, లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో రాక్షసి ఉండే మడుగు వైపు వీరులు వెళ్ళే దారిని కవి వర్ణిస్తాడు. ఇరుకు దారి, ఒకరి వెనక ఒకరు నడవాల్సిన బాట, ‘అన్‌కూత్’ తోవ. మునుపు ఎవరూ ఎరుగని తోవ అని. నాలుగు వందల ఏళ్ళ తరువాత, 14వ శతాబ్దం చివర్లో, ఇంగ్లీషు కవి చాసర్ ‘కాంటర్‌బరీ టేల్స్’ మొదలుపెడుతూ ఏప్రిల్ జల్లులు పడగానే జనానికి తీర్థయాత్రల మీదికి మనసు పోతుందంటాడు. పలు దేశాల వాళ్ళు ఎరిగిన దూరపు పుణ్యక్షేత్రాలకు బయల్దేరతారట. ఆ ‘ఎరిగిన’ అన్నచోట చాసర్ వాడిన మాట ‘కూత్’. ఈ పంక్తిని నేను ముప్పై ఏళ్ళు బి.ఏ. పిల్లలకు చెప్పాను. కాలేజీ వదిలిపెట్టాక కూడా అది నా నోట్లో ఆడుతూనే ఉంటుంది.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే మీవాడికి ఇంకా సరదాగా ఉంటుంది. ఇంగ్లీషులో ‘కెన్’ అనే చిన్న క్రియకు మొదట్లో ఉన్న అర్థం తెలిసి ఉండటం. మనం ‘వాడికి ఈత తెలుసు’ అన్నా ‘ఈత వచ్చు’ అన్నా ఒకటే కదా, తెలియడం నుంచి చేయగలగడం వచ్చింది. ఆ క్రియ నుంచి పుట్టిన విశేషణం ‘కూత్’. దాని తోబుట్టువు ఇప్పటికీ ప్రతి పిల్లాడి నోట్లోనూ ఉంది: ‘కుడ్’. ఆ మాట స్పెల్లింగులో ఒక ‘ఎల్’ ఉంటుంది చూడండి, ఎవరూ పలకరు. వుడ్, షుడ్ అనే మాటల్లో ‘ఎల్’ ఉంది కాబట్టి దీనికీ ఉండాలనుకుని 15, 16 శతాబ్దాల్లో రాసేవాళ్ళు చేర్చారు. ఇంగ్లీషు డిక్టేషన్‌లో ఆ ‘ఎల్’ మరచిపోయి ఎన్ని మార్కులు పోగొట్టుకున్నారో మన పిల్లలు!

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఈ మాట మీద నాకు ఇంత పట్టు రావడానికి కారణం అదే.

1987. రాజమండ్రిలో నేను లెక్చరరుగా చేరి మూడో ఏడు. రంపచోడవరం అవతలి నుంచి వచ్చిన ఒక కుర్రాడు స్కాలర్‌షిప్ కాగితం పట్టుకుని స్టాఫ్‌రూముకు వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విప్పాడు. వాళ్ళ ఇళ్ళల్లో అంతే కదా. లోపలికి వచ్చి, ఎదురుగా కూర్చున్న ఒక సీనియర్ లెక్చరరుతో ‘సారూ, ఇక్కడ సంతకం పెట్టు’ అన్నాడు. వాళ్ళ ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ ‘నువ్వే’. గదిలో నవ్వులు. ఆ సీనియరు సంతకం పెట్టకుండా, పక్కవాళ్ళ వైపు తిరిగి, కుర్రాడికి అర్థం కాదనే ధైర్యంతో ‘అన్‌కూత్ ఫెలో’ అన్నారు. మాట అర్థం కాకపోయినా అది తన గురించేనని, మంచి మాట కాదని కుర్రాడికి తెలిసింది. మొహం చిన్నబోయింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను నోరు విప్పలేదు. మర్నాడు వాణ్ణి వెతికి సంతకం నేనే పెట్టించాను గాని, ఆ రోజు మాట్లాడనందుకు ఈనాటికీ బాధే.

ఆ సాయంత్రం లైబ్రరీలో పెద్ద ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ తీసి ఆ మాట చూశాను. మొదటి అర్థం ‘తెలియని’. నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. ఆ పిల్లవాడు మాకు తెలియదు, మా పద్ధతులు వాడికి తెలియవు. వాడి గుమ్మం మర్యాద మాకు మర్యాదగా కనిపించలేదు. ఒక జాతి వాళ్ళు కొత్తవాణ్ణి చూసి ‘ఎవరో తెలియనివాడు’ అన్న మాటనే కొన్ని వందల ఏళ్ళలో ‘మర్యాద లేనివాడు’గా మార్చుకున్నారు. మా స్టాఫ్‌రూములో అదంతా అర నిమిషంలో జరిగిపోయింది.

ఇంగ్లీషులో అది మెల్లగానే జరిగింది. ఎరుగనిది వింతగా ఉంటుంది, వింతైనది భయపెడుతుంది, భయపెట్టేది వికారంగా తోస్తుంది. షేక్‌స్పియర్ ‘యాజ్ యూ లైక్ ఇట్’లో ఆకలితో సొమ్మసిల్లిన ముసలి సేవకుణ్ణి ఊరడిస్తూ యువకుడు ‘ఈ అన్‌కూత్ అడవిలో ఏ మృగం దొరికినా’ తెస్తానంటాడు. అక్కడ ఆ మాటకు ఎరుగని అన్నా సరిపోతుంది, భయంకరమైన అన్నా సరిపోతుంది. అర్థం మారుతుండగా పట్టుకున్నట్టు ఉంటుంది ఆ చోటు. కవి మిల్టన్ 1667 నాటి ‘పారడైజ్ లాస్ట్’లో సైతాను పోవలసిన దారిని ‘అన్‌కూత్’ అన్నప్పుడు పాత అర్థాన్నే పట్టుకున్నాడు. ఆ తరువాత మోటు, మొరటు అనేవే నిలిచాయి. ఈలోగా ఒంటరి ‘కూత్’ వాడుకలో నుంచి జారిపోయింది. ఇంట్లో పెద్దవాళ్ళు పోయి వాళ్ళ మీద వేసిన నింద మాత్రం ఊళ్ళో మిగిలినట్టు.

తెలుగులో దీనికి ఎదురు నడిచిన మాట ఉంది. ‘నాటు’ అంటే మొదట మన నాడుకు చెందినదని. నాటు కోడి, నాటు మందు. తరువాత అదే మోటుకు పర్యాయమైంది. వాళ్ళు పరాయివాణ్ణి మోటువాణ్ణి చేశారు, మనం మనదాన్నే మోటు అనుకున్నాం. రెండిట్లో ఏది ఎక్కువ నష్టమంటే, నాకు మనదే అనిపిస్తుంది.

మా నాన్నగారు హైస్కూల్లో సంస్కృతం చెప్పేవారు. ఆ వేసవి సెలవుల్లో ఆయనకు ఈ సంగతి చెప్పాను. అరుగు మీద పడక కుర్చీలో కూర్చుని విన్నారు. కాసేపు ఊరుకుని, ‘అమ్మాయ్, అది మన అజ్ఞాతమేనే’ అన్నారు. ఆయన పోలిక చెబుతున్నారనుకున్నాను. కాదు, ఉన్నమాటే చెప్పారు. సంస్కృతంలో ‘జ్ఞా’, ఇంగ్లీషులో ‘కెన్’, తెలుసుకోవడం అనే అర్థమున్న ‘నో’ ఒకే మూలం నుంచి వచ్చినవి. జ్ఞాత అంటే తెలిసిన. ముందు చేరే ‘అ’, వాళ్ళ ‘అన్’ కూడా ఒకే ఉపసర్గ. కాబట్టి ముక్కకు ముక్క పెట్టి చూస్తే అజ్ఞాత, అన్‌కూత్ ఒకే అచ్చులో పోసిన మాటలు. మరి ‘జ్ఞాత’లో ఉన్న నకారం ‘కూత్’లో ఏమైందని మీవాడు అడుగుతాడు, అడగాలి. ఇంగ్లీషు పుట్టిన మాండలికాల్లో కొన్ని హల్లుల ముందు నకారం కరిగిపోయి దాని బదులు అచ్చు సాగింది. మన దంతం వాళ్ళకు ‘టూత్’. మన హంస వంశంలోనిదే వాళ్ళ ‘గూస్’, అంటే బాతు. జర్మన్ వాళ్ళు ఆ నకారాన్ని పోగొట్టుకోలేదు, బాతును ‘గాన్స్’ అంటారు, ‘తెలిసిన’ అనడానికి ‘కుండ్’ అంటారు.

అందుకే అన్‌కూత్ అనగానే నాకు విరాటపర్వం గుర్తొస్తుంది. వానలు పడాలని మన పల్లెల్లో చదివించే పర్వం. ధర్మరాజు కంకుభట్టుగా, భీముడు వంటశాలలో వలలుడిగా, ద్రౌపది సైరంధ్రిగా ఒక ఏడాదంతా ఉన్నది అజ్ఞాతంలో. పాత ఇంగ్లీషు అర్థంలో చెప్పాలంటే విరాటుడి కొలువులో పాండవులందరూ అన్‌కూత్. సైరంధ్రి ఎవరో ఎరుగకనే కదా కీచకుడు తెగించి చెడ్డాడు.

ఇక మీవాడు చేసిన పని సంగతి. ‘అన్’ తీసేసి మాట తయారుచేయడం తొమ్మిదో తరగతి పిల్లాడి తొందరపాటు అనుకోకండి. 1896 నాటికి ఇంగ్లీషు రాసేవాళ్ళే ఆ పని చేశారు. అప్పటికి మొరటు అని స్థిరపడిన అన్‌కూత్‌లోంచి ‘అన్’ ఊడదీసి, మర్యాదస్తుడు, నాగరికుడు అనే అర్థంలో ‘కూత్’ను మళ్ళీ పుట్టించారు. పాత కూత్ వేరు, ఈ కొత్త కూత్ వేరు. తాత పేరు పెట్టుకున్న మనవడు. ఈ మనవడు నేటి నిఘంటువుల్లో ఉన్నాడు, కాస్త చనువుగా మాట్లాడేటప్పుడు వాడతారని గుర్తు పెట్టి ఉంటుంది. మీ అబ్బాయి రాసింది ఈ మాటే.

ఇలా పుట్టిన మాట మన రోజూ పూజల్లో ఉంది. చిన్నప్పుడు తెల్లవారుజామున నాన్నగారు అమరకోశం వల్లె వేయించేవారు. ‘అమరా నిర్జరా దేవాః త్రిదశా విబుధాః సురాః’. సురులంటే దేవతలు, కానివాళ్ళు అసురులు అని అందరం నేర్చుకున్నాం. ఆ వేసవిలో నాన్నగారు లేచి లోపలికెళ్ళి, మోనియర్ విలియమ్స్ సంస్కృత నిఘంటువు రెండు చేతులతో మోసుకొచ్చి నా ఒళ్ళో పెట్టారు. అట్ట ఊడి, గుడ్డతో కట్టి ఉండేది. ‘సుర’ దగ్గర వేలు పెట్టి చదవమన్నారు. అసుర అనే మాటే ముందుదట, అందులో ‘అ’ కాదు అనే అర్థంలో ఉందనుకుని తీసేస్తే సుర పుట్టి ఉంటుందట. ఋగ్వేదంలో వరుణుణ్ణీ ఇంద్రుణ్ణీ అసుర అని పొగిడిన చోట్లున్నాయి, ప్రభువు అనే అర్థంలో. ఇరాన్ వైపు అదే మాట అహుర. దేవతలకు సురులని పేరు తరువాత వచ్చింది.

ఇంకో పుట తిప్పించారు. విధవ. ఇంగ్లీషు ‘విడో’ దానికి స్వయానా చుట్టం, అది చాలా పాత మాట. ‘వి’ అంటే లేని అనుకుని, మిగిలిన ‘ధవ’కు భర్త అని అర్థం చెప్పుకున్నారు. అమరకోశంలో భర్తకు ఉన్న పేర్లలో ‘ధవః’ మొదట వస్తుంది. మాధవుడంటే మా, అంటే లక్ష్మి, ఆమె ధవుడు అని పురాణం చెప్పేవాళ్ళు విడదీస్తారు కదా, ఆ ధవుడే. నిఘంటువు మూసి, ‘భర్తకు పేరు ఆ లేనితనంలోంచి వచ్చిందమ్మా’ అన్నారు నాన్నగారు. అమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు. అంతకు మించి ఆయన ఏమీ అనలేదు.

పరీక్షకైతే మీవాణ్ణి ‘రిఫైన్డ్’ అనో, కొట్టేసిన ‘పొలైట్’ అనో రాయమనండి. మార్కు గురించి టెన్షన్ వద్దు. వీలైతే టీచరుగారికి ఈ పేజీ చూపించండి, గొడవలా కాకుండా. పాఠం చెప్పేవాళ్ళకు ఇలాంటివి తెలిస్తే సంతోషమే కలుగుతుంది, నా మటుకు నాకు ఎప్పుడూ అలాగే ఉండేది.

ప్రశ్న: ‘అన్’ లేకుండా బతకలేని ఇలాంటి మాటలు ఇంకేమున్నాయి? తెలుగులో ఉన్నాయా?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: ఉన్నాయి నాయనా. ‘అన్‌కెంప్ట్’ అంటే చింపిరిగా ఉన్నవాడు. కెంప్ట్ అంటే దువ్విన అని, దువ్వెనకు వాళ్ళు వాడే ‘కోమ్’కు బంధువు. ‘రూత్‌లెస్’ ఉంది గాని జాలి అనే అర్థంలో ‘రూత్’ ఇప్పుడు ఎవరూ అనరు, మిల్టన్ అన్నాడు. తెలుగులో నాకు వెంటనే తోచేది ‘అమాయకుడు’. మాయ తెలియనివాడని. మరి మాయ తెలిసినవాణ్ణి ‘మాయకుడు’ అని ఎవరైనా అన్నారా? ‘అనామకుడు’ కూడా అంతే, పేరున్నవాణ్ణి ‘నామకుడు’ అనం. మీ ఊరి వాడుకలో ఇలాంటివి ఉంటే రాసి పంపు, వచ్చే సంచికల్లో వేసుకుందాం.

ప్రశ్న: నేను ఉద్యోగరీత్యా స్కాట్లాండ్‌లో గ్లాస్గోలో ఉంటున్నాను. మా పక్కింటి పెద్దావిడకు ఎనభై దాటాయి. మొన్న మా ఇంటికి వచ్చి, వంటగదిలో స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ మా ఇల్లు ‘కూతీ’గా ఉందన్నారు. నవ్వుతూనే అన్నారు. మెచ్చుకున్నారో, ఇరుకుగా ఉందన్నారో అర్థం కాలేదు. అడగడానికి మొహమాటం వేసింది.
– ఒక పాఠకురాలు

జవాబు: మెచ్చుకున్నారమ్మా, మనసారా మెచ్చుకున్నారు. ‘కూతీ’ స్కాట్స్ మాట. ఆప్యాయంగా, పరాయితనం లేకుండా, మన ఇల్లులా ఉందని అర్థం. మనిషిని అంటే కలుపుగోలు మనిషని. తణుకు అమ్మగారికి చెప్పిన ‘ఎరిగిన’ అనే పాత కూత్‌లోంచి వచ్చిందే ఇది. దక్షిణాన ఇంగ్లండులో తల్లి మాట పోయినా మీ స్కాట్లాండ్‌లో బిడ్డ నిలిచింది. తెలిసినది దగ్గరిది అవుతుంది, దగ్గరిది వెచ్చగా ఉంటుంది, అలా పెరిగింది దాని అర్థం. ఇంగ్లీషులో ‘కిత్ అండ్ కిన్’ అంటారు కదా, అందులో కిన్ అంటే రక్తసంబంధీకులు, కిత్ అంటే ఎరిగినవాళ్ళు, అదీ ఈ కుటుంబమే. మనం ‘చుట్టాలూ పక్కాలూ’ అంటామే, దాదాపు అది.

అక్కడి పెద్దవాళ్ళ నోట ‘అంకో’ అని కూడా వింటారు. అన్‌కూత్ అరిగి అరిగి అలా అయింది. వింతైన అని ఒక అర్థం, చాలా, మరీ అని ఇంకో అర్థం. స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ తమను తాము మహా మంచివాళ్ళమనుకునేవాళ్ళను ‘అంకో గిడ్’ అని ఒక పద్యంలో సంబోధించాడు. మరీ మంచివాళ్ళు అని.

మీ ఉత్తరాన్ని తణుకు ఉత్తరంతో పాటు ఇదే సంచికలో వేయమని ఎడిటర్‌గారిని అడిగాను. ఎర్ర ఇంటూ పడిన ఆ మాట చాసర్ పుస్తకంలోనే కాదు, ఇవాళ కూడా ఒక పెద్దావిడ నోట్లో, టీ కప్పు పక్కన ఉందని ఆ పిల్లాడు చదవాలి. ఆవిడ ఈసారి వచ్చినప్పుడు, మీకు మొహమాటం లేకపోతే, ఆ మాట ఆమె గొంతుతో ఫోన్‌లో రికార్డు చేసి నాకు పంపండి. తణుకు పంపిస్తాను.